కుప్ప పొయ్యబాక

గూడూరు నిమ్మకాయల మార్కెట్.
తెల్లారుజాము నాలుగున్నర.
సైదాపురం బండి దిగింది,
గోతాలకంటిన అభ్రకం మట్టి
లైటు కింద మిలమిలమంటోంది.
జిలానీ మూతి విప్పి
పచ్చగా, గుండ్రంగా, నడుమెత్తున పోస్తున్నాడు.
"కుప్ప పొయ్యబాకరా, పలచగా పరువు" అన్నాను.
"ఏంది చెంగయ్య మావా,
నిమ్మకాయలు పేలతాయా?"

పేలవు.
అయినా ముప్పై ఒక్క ఏళ్ళు
ఉప్పుగాలి కొట్టే ఒక గోడ వెనక
గుండ్రటిదాన్ని చూసి భయపడినందుకే
నాకు జీతమిచ్చారు.

మా దగ్గర బిందె లేదు, కడవ లేదు, బాన లేదు.
ఉన్నవన్నీ సన్నటి గొట్టాలు,
మాటల్లేని తోడికోడళ్ళలాగా
ఒకదానికొకటి ఎడంగా.
సన్నటిదానికి ఒళ్ళంతా అంచే.
లోపల పుట్టింది పుట్టినట్టే
బయటికి జారిపోద్ది.
గుండ్రటిది లోభి.

గింజ పగిలితే రెండో మూడో న్యూట్రాన్లు లేస్తాయి.
వాటిలో ఒక్కటి, సరిగ్గా ఒక్కటి,
ఇంకో గింజను పగలగొడితే
దీపం నిలకడగా వెలుగుద్ది.
ఒకటికి తగ్గితే ఆరిపోద్ది.
ఒకటికి వెంట్రుకవాసి ఎక్కువైతే

జిలానీ గోతాం పట్టుకునే ఆగాడు.

ఆ వెంట్రుకవాసిలోనే మేం బతికింది.
వెయ్యిలో ఆరో ఏడో
మన జంక్షన్లో ప్యాసింజరు బండిలాగా
ఆలస్యంగా వస్తాయి.
అవొచ్చేదాకా దొరికే ఆ కొన్ని సెకన్లే
మనిషి చెయ్యి అందుకోగలిగిన కాలం.
వేళకొచ్చేవాళ్ళ మీద లోకం నిలబడలేదురా,
ఆలస్యమయ్యేవాళ్ళ మీద నిలబడింది.
వాళ్ళు రాకముందే లెక్క ఒకటి దాటిందంటే
కనురెప్ప కూడా ఆలస్యమే.

ఇంకోటి చెప్తా, నవ్వబాక.
నీళ్ళు తగిలితే అది చల్లారదు, రాజుకుంటుంది.
మనిషి కూడా సగానికి పైగా నీళ్ళే కదా.
అంచున ఉన్నదాని మీదికి
ఏముందో చూద్దామని వంగినా చాలు,
పారిపోయేవి మన రొమ్ముకు తగిలి
వెనక్కి తిరుగుతాయి.
మన ఒళ్ళే దానికి మూత.

అప్పుడొక నీలి మెరుపు.
చప్పుడు పెద్దగా ఉండదంట.
పాత్రలోది పొంగి, నురగలెత్తి,
తనంతట తనే అణిగి,
పొయ్యి మీద పాలలాగా మళ్ళీ పొంగుద్దంట.
చూసినవాడు తన కాళ్ళ మీదే నడిచి బయటికొస్తాడు.
మంచినీళ్ళు అడుగుతాడు.
ఇంటికి ఫోను చేసి బాగున్నానంటాడు.
ఆ పూటకి
బాగానే ఉంటాడు.

ఇవన్నీ శిక్షణలో చెప్పిన పరాయి దేశాల కథలు.
నేను చూడలేదు.
సైరన్ మోగితే పరిగెత్తు,
వెనక్కి చూడబాక, చెప్పులు వెతకబాక,
పక్కవాడి పేరు పెట్టి అరుస్తూ పరిగెత్తు.
నేనున్నన్నాళ్ళూ మోగిందల్లా
నెలనెలా చేయించే ఉత్తుత్తి పరుగే.

"పొద్దస్తమానం ఏం చేసొచ్చావు?" అనేది
మా కామాక్షమ్మ.
"ఏమీ జరగలేదు" అనేవాణ్ణి.
తను అడిగింది అది కాదని ఆమె,
నేను చెప్పింది అదేనని నేను.

రిటైరైన రోజు శాలువా కప్పి
ఏం సాధించానో చెప్పడానికి మాట దొరక్క
"సౌమ్యుడు" అన్నారు మైకులో.
కాసిన కాయకి కాటా ఉంది.
జరగనిదాన్ని
ఏ కాటాలో వేసి చూపించేది?

జిలానీ కుప్ప వైపు చూశాడు, నా వైపు చూశాడు.
వంగబోయి, ఎందుకో,
ఒకడుగు వెనక్కేసి
కాలితో మెల్లిగా పరవడం మొదలుపెట్టాడు.
"అడుగువి నలగవులే మావా, ఇదీ మంచిదే."

రెండు కాయలు దొర్లుకుంటూ
జనం కాళ్ళ సందున పడి పోతున్నాయి.
పట్టుకోబోయాడు.
పోనీరా, అన్నాను.
పోనీ.